ఇంట్లో ఎవరూ పోలేదు

గారేజీ అంట. నిన్నటిదాకా బళ్లసాల, ఇవాళ తెల్లారేసరికి గారేజీ. ఆ మాట రత్నాలు మొగుడి నోట్లో ఇంకా కుదురుకోలేదు, వేయించిన చింతపిక్క బుగ్గన పెట్టుకున్నట్టు అటూ ఇటూ దొర్లిస్తున్నాడు, అయినా పొద్దున్నించీ ఆ మాట లేకుండా ఒక్క ముక్క మాట్లాడలేదు. గారేజీలోంచి పాత కాడి తీయించు. గారేజీ గోడకి ఇంకో పూత సున్నం వెయ్యాల. గారేజీలోకి కోళ్లు రాకుండా సూడు. రత్నాలు చెంగు బిగించి, చీపురు నిలువుగా పట్టుకుని మొదలు నేలకేసి కొట్టింది. పుల్లలు సమం కావడానికి ఒక్క దెబ్బ చాలు, ఆమె కొడుతూనే ఉంది. విజయనగరంలో ఎవరో సన్యాసిరావు, రోడ్డు కంట్రాక్టరు, ఘాటు రోడ్డు వెడల్పు చేసే పని పట్టాడు, అరకు పక్కన కాపురానికి ఇల్లు కావాలి, సొంత మోటారు ఉంది. ఇవాళ మధ్యాహ్నం లోపల ఆ మోటారు మీదే భార్యతో సహా వచ్చి ఇల్లు చూస్తాడు. నిన్న అన్నం దగ్గర ఆయన పులుసు కలుపుకుంటూ చెప్పాడు, ఇల్లంటే ఏ ఇల్లయినా ఇల్లే, మోటారున్నోడు ముందు మోటారుకి సోటు సూసుకుంటాడు, ఆ సోటు నచ్చిందంటే ఇల్లు దానంతటదే నచ్చుతాది అని. ఎంత తెలివి. మోటారుకి ఎండ తగలకూడదు, మోటారు మీద వాన పడకూడదు, మోటారుకి జల్లు కొట్టకుండా ఈ పక్క కొత్తగా తడిక కట్టించాడు, మట్టి పూయించాడు. నాలుగేళ్ల కిందట ఈ పక్క తడిక లేదు. అప్పుడు కట్టించమంటే ఎద్దులకెందుకు తడిక అన్నాడు. ఎద్దుల సంగతి కాదు ఆమె అడిగింది. ఎద్దుల కోసం అడగలేదని ఆయనకీ తెలుసు.

చీపురు కింద దుమ్ము లేస్తోంది, కరక్కాయ పొట్టు, చింతపీచు, కోడి ఈకలు, ఎప్పటివో అడ్డాకు ముక్కలు, అన్నిటి మీదా పాత కందెన వాసన. ఈ కొండ మీద తన కాపురమంతా ఈ సాలలోనే మూటగట్టి ఉన్నట్టుంది. ఆయన కొండవాళ్ల దగ్గర కరక్కాయలూ చింతపండూ కొని దిగువకి బళ్ల మీద పంపే రోజుల్లో సాల నిండా బస్తాలే. బళ్లు అమ్మేశాక బస్తాలు పోయాయి, పనికిరాని చెక్కా ముక్కా మిగిలింది. దేన్నీ పారెయ్యనిచ్చేవాడు కాదు, పనికొస్తాది ఉండనీ అనేవాడు. విరిగిన చక్రం పనికొస్తుంది, పుచ్చిన కాడి పనికొస్తుంది. ఇవాళ మటుకు అన్నీ చెత్తే, అన్నీ పెరట్లోకే. కనక ఆ చక్రాన్ని ఒక్కతే దొర్లించుకుపోతోంది. కనక కొండదొరల ఆడది, దిగువ గూడెంలో ఉంటుంది, రత్నాలు ఈ ఇంటికి వచ్చిన కొత్తలోనే పనికి కుదిరింది, రత్నాలు మాట్లాడుకునే మనిషి ఈ కొండ మీద అదొక్కతే. చక్రం గుమ్మం దగ్గర రాయికి తట్టుకుంటే కనక దానికేసి చూసి, "నీకూ ఎల్లాలని లేదేటే" అంది. ఇంకో రోజైతే రత్నాలు నవ్వేది. ఇవాళ ఆ మాట కూడా గుచ్చుకుంది. వెళ్లాలని లేకపోవడమేమిటి. వెళ్లాలి. ఈ వానలు దిగేలోపల వెళ్లాలి. మృగశిర కార్తె వచ్చేసింది, గాలికొండ మీద మబ్బు రోజూ సాయంత్రానికి దిగి తెల్లారికి లేస్తోంది, ఇంకొన్నాళ్లకి దిగిన మబ్బు దిగినట్టే ఉంటుంది, వాన పట్టుకుంటుంది, వాన వెనకాల జ్వరం వస్తుంది. కాంపౌండరు పిల్ల పొట్ట మీద వేళ్లు పెట్టి తట్టి, జొరాలకి కడుపులో బల్ల పెరిగి గట్టిపడిపోయింది, క్వినైను ఎంతకని పని చేస్తాది, ఇంకో వానాకాలం ఈ పిల్లని ఇక్కడ ఉంచకండి అన్నాడు. అన్నప్పుడు ఆయన పక్కనే ఉన్నాడు, తల ఊపాడు. తల ఊపడంలో ఆయనకి ఆయనే సాటి.

అరుగు మీంచి చుట్ట వాసన వస్తోంది. అత్త యర్రమ్మ కాల్చిన కొస నోట్లోపల పెట్టుకుని, రెండో కొస పళ్ల మధ్యనుంచి బయటికి పెట్టి, మాట్లాడేటప్పుడు కూడా తీయదు. ఆవిడ ఒళ్లో నర్సి పడుకుని ఉంది, ఎండలో, గొంగడి కప్పుకుని. నాలుగేళ్ల పిల్ల. చేతులు చీపురు పుల్లలు, పొట్ట కుండ. నర్సిని చూసినప్పుడల్లా రత్నాలుకి కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియదు, అందుకని అందరి మీదా పెట్టుకుంటుంది. కొండ మీద, వాన మీద, రేవళ్లపాలెంలో తలుపేసుకున్న తన తండ్రి మీద. పెద్దదానింటికి సాయానికి పంపితే చిన్నది తిరిగి రాలేదు, ఇంక ఆ ఇంటితో నాకు రాకపోకలేటి అన్నాడు తండ్రి, అన్నాక నిజంగానే రాలేదు, నర్సి మొహం కూడా చూడలేదు. తల్లి ఆ ఏడాదే పోయింది. అంచేత పిల్లని తీసుకుని దిగువకి వెళ్లిపోవడానికి రత్నాలుకి ఒక గడప లేదు. ఈయనకి అన్నదమ్ముల దగ్గర వాటా మిగల్లేదు, ఉన్నదంతా తెచ్చి ఈ ఇంట్లో పెట్టాడు. మద్ది గుమ్మాలు, టేకు దూలాలు, బెంగుళూరు పెంకు. ఇది అమ్ముడైతే ఎస్. కోటలో చిన్న ఇల్లు, అమ్ముడు కాకపోతే ఇక్కడే. అంత తేలిక లెక్క. ఏడాదిగా ఈ ఇంటికి బేరం లేదు, ఇవాళ వచ్చింది, ఇవాళ పోతే మళ్లీ వానలు వెలిశాకే ఎవడైనా కొండెక్కేది. అప్పటికి నర్సి. ఆ తరవాత మాట రత్నాలు ఎప్పుడూ లోపల కూడా అనుకోదు.

అనుకోనిది ఇంకోటి కూడా ఉండేది, కానీ ఈ సాలలోకొచ్చాక అనుకోకుండా ఉండడం కుదరదు. కనక నులకమంచం ఒకటి బయటికి లాగుతోంది, కొత్త మంచమే, పాలేరు పడుకునేది. దాని కోళ్లు నేల మీద కీసుమని గీసుకున్నాయి. అంతే. నాలుగేళ్ల కిందట ఆ చప్పుడే ఆమె గోడ అవతలనుంచి విన్నది. ఈ గోడకి అవతల ఉన్నది పురిటి గది, ఇటువైపు సాల, మధ్య జానెడు మట్టి. శ్రావణమాసం, ఎడతెరిపి లేని వాన, నర్సి పుట్టి ఇంకా పురిటి స్నానం కాలేదు. తొలిచూలు పుట్టింట్లో పోసుకోవాలి, ఎవరైనా చెప్తారు, దానికి శాస్త్రం చదవక్కర్లేదు. కాని ఆయన ఇదిగో అదిగో అన్నాడు, కరక్కాయ ఎగుమతి అవనీ అన్నాడు, ఈ ఆదివారం కాదు వచ్చే ఆదివారం అన్నాడు, ఈలోగా వాన పట్టుకుంది, ఘాటు తెగింది, తను దిగలేకపోయింది. తను దిగలేకపోయింది కాబట్టి చెల్లెలు ఎక్కి వచ్చింది. పైడితల్లి. దాని మొగుడు బర్మాలో రంగం వెళ్లి బియ్యం మిల్లులో చేరాడు, ఓడ ఎక్కేటప్పుడు వచ్చే ఏడు తీసుకెళ్తానన్నాడు, వచ్చే ఏడు ఎన్నిసార్లు వచ్చిపోయిందో. పుట్టింట్లో ఊరికే ఉన్న పిల్ల కాబట్టి పంపించారు. ఊరికే ఉన్న పిల్ల. డోలీలో రమ్మంటే నడిచి వచ్చింది, తడిసి వచ్చింది, వస్తూనే గుమ్మంలోంచి అరిచింది, "అక్కా, మీ కొండ మీద జలగలు నన్ను ముందే సూసీసాయే, నీకన్నా అవే ఎక్కువ పేమగా అతుక్కున్నాయి" అని. నర్సికి మొదటి నీళ్లు పోసింది అదే. బాలింత మందు కాయం దంచింది అదే. యర్రమ్మ నడక చేసి చూపించి, చుట్ట లేకుండానే చుట్ట పీల్చి చూపించి, పచ్చి ఒళ్లు నొప్పి పుట్టేలా నవ్వించింది అదే. ఆ తరవాత ఒక మధ్యాహ్నం దుప్పటి మీద దుప్పటి కప్పుకుని పళ్లు పటపటలాడిస్తూ, "నాకూ మీ కొండ పట్టీసిందక్కా" అంది.

సున్నం నీళ్లు చెయ్యి మీద పడి పగిలిన చోట మండింది. మండనీ. ఆయన వీధి గుమ్మంలో నిలబడి పంచె కుచ్చిళ్లు సర్దుకుంటూ, రోడ్డు మలుపు కేసి చెవి పెట్టి, "అయిపోయిందేటే. గారేజీ అంతా ఒకేలాగ తెల్లగా కనపడాల. మూలలు సరిగ్గా పుయ్యి" అన్నాడు. మూలలు. ఏ మూలో తెలుసా నీకు. తెలుసు. అందుకే లోపలికి రావడం లేదు. పొద్దున్నించీ ఇరవైసార్లు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు గాని ఒక్కసారీ లోపల అడుగు పెట్టలేదు. పైడికి జ్వరం దిగలేదు, మాట తడబడింది, కళ్లు పచ్చగా అయ్యాయి, అప్పుడు యర్రమ్మ మొదలుపెట్టింది. ఇది నిలబడదు. ఇవాళ ఏ నచ్చత్రమో. పంచకంలో గాని పోయిందంటే ఇల్లు మూసీయాల. అవును, అది నిజమే, రత్నాలుకీ చిన్నప్పట్నించీ తెలుసు, పాడు నక్షత్రాలు అయిదున్నాయి, వాటిలో ఎవరైనా ఇంట్లో పోతే ఆ ఇల్లు వదిలి పోవాలి, నెలల తరబడి తలుపు వేసి గుమ్మానికి రేగు కంప అడ్డం కట్టాలి, శాంతి చేయించాక గాని లోపల దీపం పెట్టకూడదు. రేవళ్లపాలెంలో వాళ్ల వీధిలోనే అలా మూసిన ఇల్లు ఉండేది, పిల్లలు దాని ముందునుంచి పరుగెత్తేవాళ్లు. కాని ఆ రోజు ఏ నక్షత్రమో చెప్పడానికి ఈ కొండ మీద పంచాంగం లేదు. పురోహితుడు ఎస్. కోటలో ఉన్నాడు, ఘాటు తెగి ఉంది. ఏ నక్షత్రమో తెలియదు కాబట్టి పాడుదే అనుకున్నారు. పురిటి బిడ్డతో, ఈ వానలో, ఇల్లు మూసీసి ఎక్కడికి పోతామర్రా అంది యర్రమ్మ. ఆ మాట అబద్ధం కాదు. ఆ మాటలో న్యాయం ఉంది, ఆ పురిటి బిడ్డ తన బిడ్డే, అదే రత్నాలుకి అన్నిటికన్నా మంట. అర్థం కాకుండా ఉంటే బాగుండేది, అర్థమైపోయింది, ఇప్పటికీ అవుతోంది, అర్థమయ్యేకొద్దీ పళ్లు కొరుక్కోవాలనిపిస్తుంది.

మంచం ఎత్తారు. ఆయనొక పక్క, పాలేరొక పక్క. గోడ అవతల తను. మంచం గుమ్మం దాటేటప్పుడు ఆయన అన్న మాట వినపడింది. "గుమ్మం జాగర్త, గీసుకుంటాది." పిల్ల తల జాగర్త కాదు. ఆ గుమ్మానికి అప్పుడే కొత్తగా నూనె పట్టించి ఉన్నారు. ఆ తరవాత పైడి గొంతు, తెలివి ఉన్న గొంతే, "ఎక్కడికి బావా" అని అడిగింది. "గాలికమ్మా. బయట గాలికి నెమ్మదిస్తాది" అన్నాడు ఆయన. ఎంత మెత్తగా అన్నాడో. అంత మెత్తగా తనతో ఎప్పుడూ మాట్లాడలేదు. తరవాత కోళ్లు ఈ నేల మీద కీసుమన్నాయి, ఇక్కడ, గోడ వారన, ఎద్దులకి దూరంగా, తడిక లేని పక్కకి దగ్గరగా. తను లేచింది. బట్ట చుట్టుకుని గోడ పట్టుకుని గుమ్మందాకా వచ్చింది. యర్రమ్మ గడప మీద అడ్డంగా కూర్చుని ఉంది. పురిటాలివి, నువ్వు గడప దాటకూడదు, దాటితే దానికీ మంచిది కాదు, నీ బిడ్డకీ మంచిది కాదు. తోసి పోవలసింది అని ఎవరైనా అనుకోవచ్చు, ఒళ్లు చీలిన మనిషి గుమ్మంలో రక్తం కారుతూ నిలబడితే తెలుస్తుంది తోయడం. అక్కడే కూలబడింది. గోడ అవతలనుంచి పైడి పిలిచింది, "అక్కా, ఇక్కడ జల్లు పడతంది." మళ్లీ పిలిచింది, "అక్కా." తను ఈ పక్కనుంచి గోడ మీద అరచేత్తో కొట్టింది, ఇక్కడే ఉన్నానే, ఇక్కడే ఉన్నాను అని. కనక గూడెంలోంచి నిప్పుల కుంపటి తెచ్చి మంచం కింద పెట్టి దాని పక్కన కూర్చుందిట. ఆడపిల్లని ఎద్దుల దగ్గర పడుకోబెట్టారేటి అని ఆయన్ని అడిగిందిట. ఆయన తల ఊపాడుట. పాలు పితికే వేళ గోడ అవతల దగ్గు ఆగింది. ఎవరూ వచ్చి చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది.

వాన వెలిశాక ఘాటు బాగై ఆయన ఎస్. కోట దిగాడు, పురోహితుడి చేత పంచాంగం చూపించాడు, చూపించి ఆ సాయంత్రమే ఎక్కి వచ్చి, తల మీద మూట దించకుండానే అన్నాడు, "మనింటికి ఏ దోసమూ లేదంట. ఆ రోజు మంచి నచ్చత్రమేనంట." మొహం వెలిగిపోయింది. శుభవార్త తెచ్చినవాడి మొహం. యర్రమ్మ రెండు చేతులూ ఎత్తి సింహాచలం వైపు దణ్ణం పెట్టింది. ఇద్దరిలో ఒక్కరికీ, ఒక్కరికీ, అయితే ఆ పిల్లని లోపలే ఉంచవలసింది అన్న మాట తోచలేదు. నర్సికి పాలిస్తున్న రత్నాలు చన్ను లాగేసుకుంది, పిల్ల కెవ్వుమంది, ఏటే ఆ పిల్లని అలా ఏడిపిస్తావు అన్నారు ఇద్దరూ.

మోటారు చప్పుడు. ముందు తుమ్మెద చప్పుడనుకుంది. ఈ కొండల్లో మోటారు కనబడడానికి చాలా ముందే వినబడుతుంది, మలుపు తిరిగితే పోతుంది, మళ్లీ మలుపు తిరిగితే వస్తుంది, మీదకొస్తున్నదో వెనక్కి పోతున్నదో తెలియదు. ఆయన చంకలో కండువా బిగించి, "ఒచ్చీసారు, బేగి కానీండి, బేగి" అంటూ రోడ్డు మీదకి పరుగెత్తాడు, పరుగెత్తుతూ వెనక్కి తిరిగి, "సెప్పింది గురుతుందా. ఆళ్లేటి అడిగినా నాను సెప్తాను. నువ్వు తలూపు, సాలు" అన్నాడు. గుర్తుంది. పొద్దున్న అద్దం ముందు నిలబడి ఆ మాట ఆయన అప్పజెప్పుకోవడం ఆమె విన్నది. ఈ ఇంట్లో ఎవరూ పోలేదండీ. ఒకసారి నవ్వుతూ, ఒకసారి నవ్వకుండా, ఏది బాగుందో చూసుకున్నాడు. ఈ ఇంట్లో ఎవరూ పోలేదు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు, ఆ మాట కోసమే ఆ రోజు మంచం ఎత్తారేమో అనిపిస్తుంది, నాలుగేళ్ల తరవాత ఒక కంట్రాక్టరు ముందు నిటారుగా నిలబడి ఈ మాట అనడానికి. ఒక్క మూల తప్ప అంతా అలికి అయింది. నేల మధ్య పేడనీళ్లు ఇంకా తడిగా మెరుస్తున్నాయి. గోడ అడుగున కనక గుడ్డతో ఎర్రమన్ను పట్టీ వేసుకుంటూ వచ్చింది, వాళ్ల గూడెంలో ఇళ్లకి వేసుకున్నట్టే, చేతి వెడల్పున, ఎక్కడా వంకర లేకుండా. ఆ మూలకి వచ్చేసరికి ఆగింది. గుడ్డ గిన్నెలో వేసి, "ఈ మూల నాను అలకనమ్మా. నువ్వు అలుకు" అంది. రత్నాలు పేడ తట్ట అందుకుంది. మోకాళ్ల మీద కూర్చుని పేడ పరిచింది. అరచెయ్యి గుండ్రంగా తిప్పుతూ పోవాలి, అంచులు కలిసిపోవాలి, చెయ్యి పడ్డ గుర్తు కనబడకూడదు. పెళ్లికి అలికినట్టు అలుకుతున్నాను చూడు పైడీ. మోటారు కోసం. కోపంలో చెయ్యి ఎంత బాగా తిరుగుతోందో. ఇంత నున్నగా ఏ పండక్కీ అలకలేదు.

వచ్చారు. సన్యాసిరావు నల్లగా పొట్టిగా, కోటు మీద తువ్వాలు వేసుకుని, దిగుతూనే ఇంటికేసి కాదు, సాలకేసే చూశాడు. ఆయన అన్నది నిజమే. ఇల్లంతా తిప్పి చూపిస్తున్న చప్పుడు, దూలాల మీద చేత్తో కొట్టడం, పెంకు లెక్క, నుయ్యి లోతు. తరవాత సన్యాసిరావు గొంతు తగ్గించి ఏదో అడగడం, ఆయన గొంతు పెంచి, నవ్వుతూ, "ఈ ఇంట్లో ఎవరూ పోలేదండీ" అనడం. అయితే నవ్వుతూనే బాగుంటుందని తేల్చుకున్నాడన్నమాట. రత్నాలు సాలలో తడి చేతులు తుడుచుకుంటూ నిలబడింది. ఆ కంట్రాక్టరు భార్య ఒక్కతే ఇటు వచ్చింది. చిన్నదే, పైడి ఉంటే ఈ ఈడు, మొహానికి పసుపు, ప్రయాణంలో వాంతి చేసుకున్నట్టుంది, పెదాలు తెల్లగా ఉన్నాయి. నెల తప్పిందేమో. పైకీ కిందకీ చూసి, "ఎంత సల్లగా ఉందక్కా ఇక్కడ" అంది. తరవాత గుమ్మం వైపు ఒకసారి చూసుకుని దగ్గరగా జరిగింది.

"మగోళ్ల మాటలు మగోళ్లవి. మా అత్త నాచేత ఒట్టేయించి పంపింది. నువ్వు సెప్పక్కా. ఈ ఇంట్లో సావేదైనా అయిందా?"

తల ఊపితే చాలు. అటూ ఇటూ ఒకసారి. మాట కూడా అక్కర్లేదు, అబద్ధమాడిన పాపం నోటికి అంటదు. అరుగు మీద నర్సి గొంగడి కదులుతోంది, అప్పుడే వణుకు మొదలైంది, రోజూ ఈ వేళకే వస్తుంది, ముందు గోళ్లు నీలంగా అవుతాయి. ఊపు తల. వానలు దిగకుండా దిగువకి. ఎస్. కోటలో మిట్ట మీద ఇల్లు, ఎండ, పొడిగాలి తగిలే రోజులు, కాంపౌండరు కాక నిజం డాక్టరు, నర్సి పొట్ట మెల్లగా తగ్గడం, నర్సి వీధిలో పరుగెత్తడం. ఒక్కసారి ఊపితే అవన్నీ. పోయినదానికి ఇంక ఏం ఒరుగుతుంది, ఉన్నదాన్ని చూసుకో. ఇంటిల్లిపాదీ ఇదే అన్నారు నాలుగేళ్లూ, ఉన్నదాన్ని చూసుకో. ఆ రోజూ అలాగే చూసుకున్నారు, ఉన్నవాళ్లని చూసుకున్నారు, ఉన్న ఇంటిని చూసుకున్నారు, పోతున్నదాన్ని గాలికి తీసుకెళ్లారు. ఇప్పుడు తనూ ఒక కోడు పట్టుకోవాలా ఆ మంచానికి. ఇంకో కోడు ఖాళీగా ఉంది, రా, పట్టుకో. ఈ పిల్ల, ఈ తెల్ల పెదాల పిల్ల, ఎవరి ఇంటికో వచ్చి నిలబడి అక్కా అంటోంది. అక్కా అనకుండా ఇంకేదైనా పిలిచి ఉంటే, ఏవండీ అని ఉంటే, తల ఊగి ఉండేదేమో. మాట పడింది, పడేదాకా అది పడుతుందని ఆమెకే తెలియదు.

"అయింది. మా చెల్లి. పైడితల్లి దాని పేరు. మన్నెపు జొరం."

"ఏ గదిలో?"

"గదిలో కాదు. ఇక్కడ. నువ్వు నిలబడ్డ సోటే."

ఆ పిల్ల చటుక్కున రెండడుగులు వెనక్కి వేసింది. పాదాలకి తడి పేడ అంటింది. అయిపోయింది అనుకుంది రత్నాలు. అయిపోయింది, నర్సీ, మీ అమ్మ నిన్ను అమ్మేసింది, పోయినదానికి నిన్ను ఇచ్చేసింది. లోపల ఎక్కడో మటుకు, సిగ్గు లేకుండా, చల్లగా ఉంది.

"అయితే ఇంట్లో కాదా?"

"పేణముండగానే ఒట్టుకొచ్చీసారు."

ఆ పిల్ల ఆపిన ఊపిరి వదిలింది. గుండె మీద చెయ్యి వేసుకుంది, తరవాత ఆ చెయ్యి తీసి రత్నాలు మోచేతి మీద వేసింది. "ఎంత బెదరగొట్టీసావక్కా. ఇంట్లోనేమో అనుకున్నాను. సాలకేటి దోసం, మోటారెట్టుకునే సోటేగదా." నవ్వింది కూడా, పెదాలకి కాస్త రంగు వచ్చింది. "మీవోళ్లు మంచి ముందుసూపున్నోళ్లు. పాపం, ఆ గుంట. మన్నెం ఒంటికి పడాలి గదా. ఆయనతో సెప్తానుండు, సల్లగుందని" అంటూ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని తడి లేని చోట అడుగులు వేసుకుంటూ వెళ్లిపోయింది.

రత్నాలు అలాగే ఉంది. బిడ్డ ప్రాణాన్నే తక్కెడలో పెట్టింది ఆమె. ముల్లు కదల్లేదు. నిజం చెప్తే ఇల్లు కూలుతుందనుకుంది, నిజం చెప్తే ఎవరో ఒకరు ఈ నేల మీద అడుగుపెట్టడానికి భయపడతారనుకుంది, ఒక్కళ్లయినా, అత్తకి ఒట్టేసి వచ్చిన పిల్ల అయినా. దోషమని భయపడినా చాలు, దోషం పట్టిందంటే అక్కడ ఒక మనిషి పోయినట్టు. పైడికి ఆ పాటి దోషం కూడా దక్కలేదు. పంచాంగం ఇవ్వలేదు, ఇల్లు ఇవ్వలేదు, ఇప్పుడు ఈ తెల్ల పెదాల గుంట కూడా ఇవ్వలేదు. బయట డ్రైవరు హ్యాండిలు తిప్పుతున్నాడు, ఇంజను దగ్గి, దగ్గి, అందుకుంది. పడుతుందో లేదో పెట్టి చూడాలి అంటున్నాడు సన్యాసిరావు. మోటారు ముక్కు గుమ్మంలోకి వచ్చింది, దాని వెనక ఆయన చేతులు ఊపుతూ, "తప్పుకో, తప్పుకో" అంటున్నాడు. తప్పుకోలేదు ఆమె. ఎంతసేపో. డ్రైవరు హారను నొక్కి ఆయన వైపు చూశాడు, ఈవిడ చెవిటిదా అన్నట్టు. అరుగు మీద నర్సి దంతాలు కొట్టుకుంటున్న చప్పుడు ఇంజను హోరులో వినపడదు, కాని గొంగడి కనపడుతోంది, గొంగడి అంతా ఊగుతోంది. అప్పుడు తప్పుకుంది. మోటారు ఆమె పక్కనుంచి, వేడి గాలి కాళ్లకి కొడుతూ, తడి నేల మీద రెండు చాళ్లు దున్నుకుంటూ గోడదాకా వెళ్లి ఆగింది. పట్టింది. ఇంకా బోలెడు చోటు మిగిలింది.

ఆయన మొదటిసారి లోపలికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. ఆమె చెవి దగ్గరగా వంగి, "ఆవిడకి సెప్పీసావంట గదా" అన్నాడు. "విన్నప్పుడు నాకు గుండాగినంత పనయింది. తీరా సూస్తే అదే మంచిదయింది. దాపరికం లేని మనుసులని నమ్మకం కుదిరిపోయిందాళ్లకి. బజానా ఇవాళే ఇచ్చీస్తానంటన్నాడు. నీకు తెలివుందే."

"నాను పోయే రోజున నా మంచం ఎత్తొద్దు" అంది రత్నాలు.

"ఏటీ?"

"దిగువన ఏ ఇల్లు కొన్నా సరే. నడిమింట్లోనే పోతాను. ఎత్తితే గుమ్మం ఒట్టుకుంటాను, ఏళ్లు ఇరిచినా వదల్ను. నచ్చత్రం ఎంత పాడుదైతే నాకంత మంచిది. ఇంటికి కంప కొట్టుకుని మీరందరూ ఈదిలో ఉందురు గాని."

ఆమె గొంతు పెంచలేదు. ఆయన నవ్వబోయి, ఎందుకో తల ఊపబోయి, రెండూ చెయ్యలేక మోటారు కేసి తిరిగి దాని రేకు మీద దుమ్ము చేత్తో తుడవడం మొదలుపెట్టాడు. రత్నాలు బయటికి వచ్చింది. అరుగు దగ్గర యర్రమ్మ చుట్ట నోట్లోంచి తీసి ఏదో అనబోతుంటే వినకుండా, ఆవిడ ఒళ్లోంచి గొంగడితో సహా పిల్లని ఎత్తుకుని, లోపలికి వెళ్లి, నడిమింట్లో నేల మీద కూర్చుంది.